కొట్టం గోడ సందులో గ్లాసు

బిడ్డా,

దసరా మర్నాడు నువ్వు అన్నం ముట్టకుండా తాండూరు స్టేషన్‌కు వెళ్లిపోయావు. ఆటో ఎక్కుతూ నా వంక చూశావు. తాత ఏమైనా మాట్లాడతాడేమోనని చూశావు. డెబ్బై ఏడేళ్ల మనిషి పంతొమ్మిదేళ్ల మనవరాలికి జవాబు చెప్పలేక అరుగు మీదనే కూచుండిపోయాడు. ఇరవై రోజులు ఆలోచించుకుని ఇప్పుడు కలం పట్టాను. నిన్ను మందలించే అర్హత నాకు లేదు. అయినా పెద్దవాణ్ని గనుక నాలుగు మాటలు చెప్పక తప్పదు.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. పశువుల కొట్టం గోడలో రెండు షాబాద్ బండల మధ్య జానెడు సందుంది. అందులో బోర్లించిన స్టీలు గ్లాసొకటి నీ కంటబడింది. అంచు సొట్టపోయింది, అడుగున చాయ్ మరక ఏళ్లతరబడి నల్లగా పేరుకుంది. ఎన్నో ఏళ్లుగా మన పొలం పని చేస్తున్న మనిషి గ్లాసది. చాయ్ తాగి, తానే కడిగి, తానే అక్కడ బోర్లిస్తాడు. నువ్వు దాన్ని తెచ్చి, బూడిదతో తళతళలాడేలా తోమి, వంటింట్లో మన గ్లాసుల వరసలో పెట్టావు. మీ నాయనమ్మ చూసి ఆ వరస మొత్తం వాకిట్లోకి విసిరింది. మాటకు మాట పెరిగింది. మీ నాన్న నీ మీద చెయ్యెత్తబోయి ఆగాడు.

నువ్వు వెళ్లాక ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. మర్నాటి నుంచి ఆ మనిషి పనికి రాలేదు. మీ నాన్న ఫోనులో ఆయనతో ఏమన్నాడో నాకు సగమే వినబడింది, ఆ సగమే చాలు. ఇంట్లో నిప్పు పెట్టింది ఆయనేనన్నట్టు మాట్లాడాడు. చూశావా బిడ్డా, గ్లాసు మార్చింది నువ్వు, కూలి పోయింది ఆయనకు. నువ్వు పట్నం పోయి హాస్టల్లో అన్నం తిన్నావు. ఆయన ఇంట్లో ఆ వారం ఏం వండారో నేను అడగలేదు. ధర్మానికి ఎప్పుడూ ఒక వెల ఉంటుంది. ఆ వెల ఎవరు కడుతున్నారని ముందుగా చూసుకోవాలి. నేను చెప్పదలచింది ఇంతే. మిగిలినదంతా దీని చుట్టూ తిరిగేదే.

1955లో నాకు ఏడేళ్లు. ఆ ఏడాది జూన్ 1 నుంచి అస్పృశ్యతా నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. హోటల్లో గిన్నెలు వేరుగా పెట్టినా, బావి దగ్గర అడ్డుకున్నా, గుడి మెట్టెక్కనీయకపోయినా నేరమని పార్లమెంటు శాసించింది. ఆ కబురు మన ఊరిదాకా రాలేదు. ఆ ఎండల్లోనే మా అమ్మ నా చేతికి చెంబిచ్చి, వాకిట్లో నిలబడిన మనిషికి నీళ్లు పోసి రమ్మంది. ఆయన నడుం వంచి, దోసిలి పట్టి, నోటికి ఆనించుకున్నాడు. నేను అరుగు మీద, ఆయన కింద. ఏడేళ్లకే నేను నలభై ఏళ్ల మనిషికంటే ఎత్తయ్యాను. చెంబు ఆయన చేతులకు తగలకూడదు, ధార మాత్రం తప్పకూడదు. నా చెయ్యి వణికింది. నీళ్లు ముక్కులోకి పోయి ఆయనకు పొలమారింది. దగ్గుతూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "మంచిగ పోస్తున్నవు చిన్నపటేలా" అని నవ్వాడు. ఉక్కిరిబిక్కిరైన మనిషి నా మనసు నొచ్చుకోకుండా చూసుకున్నాడు. నువ్వు తోమిన గ్లాసు ఆయన కొడుకుది.

నేను ఆ తరవాత చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, సభల్లో సమానత్వం గురించి మాట్లాడాను. చెంబు పోయి గ్లాసు వచ్చింది. అరుగు మీదినుంచి ధార పోయడం మానేశాం గనుక మారిపోయామనుకున్నాం. గ్లాసు ఎక్కడుందో నేనెప్పుడూ చూడలేదని అంటే అబద్ధం. రోజూ పొద్దున చూశాను.

పట్నంలో నీ హాస్టల్ గదిలో ఉండే స్నేహితురాలి గురించి నువ్వు ఎన్నోసార్లు చెప్పావు. ఒకే కంచంలో తింటారు, ఒకరి బట్టలొకరు కట్టుకుంటారు. సంతోషం. మరి ఆ పిల్లను బతుకమ్మకు మన ఊరికి తీసుకొస్తానన్నావే, ఎందుకు తేలేదు? పరీక్షలన్నావు. నాయనమ్మ మొదటి గంటలోనే "మీరేమోళ్లు బిడ్డా?" అని అడుగుతుందని నీకు తెలుసు. ఆ ప్రశ్న ముందు ఆ పిల్లను నిలబెట్టడం నీకు ఇష్టంలేకపోయింది. నిన్ను తప్పుపట్టడం లేదు. అయితే ఒకటి గమనించు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ అక్కడ తేటగా ఉంటుంది, హైదరాబాదుకు చేరేసరికి మురికవుతుంది. మన బుద్ధి దానికి తలకిందులు. పట్నంలో తేటగా ఉంటుంది, పుట్టినచోటికి వచ్చేసరికి మురికవుతుంది. తండ్రి పేరు, తాత పేరు ఎవరికీ తెలియని చోట అందరితో కలిసి తినడానికి పైసా ఖర్చు లేదు. ప్రతి ముఖమూ నిన్ను ఫలానావారి పిల్లగా ఎరిగిన ఊళ్లో చేస్తేనే ఖర్చు. అందుకే ఈ పరీక్ష సొంత ఊళ్లోనే పెట్టారు.

ఖర్చు లేకుండా కలిసివచ్చిన మార్పు ఒకటి చెప్తాను, నవ్వుకో. వెనకటికి మన బస్టాండు దగ్గరి హోటల్లో రెండు వరసల గ్లాసులుండేవి. లోపల పీటల మీద పెట్టినవి ఊరివాళ్లవి, బయట చూరుకింద పెట్టినవి దళితవాడవాళ్లవి. చట్టం తెలిసినవాళ్లు వచ్చి గద్దిస్తే ఒక నెల సర్దుకునేది, మళ్లీ మామూలే. ఆఖరికి ఆ రెండు వరసల్నీ తీసేసింది ఏ ఉద్యమమూ కాదు, కాగితం గ్లాసు! ఇప్పుడందరికీ తాగి పారేసే గ్లాసే. ఎవడూ మారకుండానే రెండు గ్లాసుల పద్ధతి పోయింది. నెలనెలా ఆఖరున ఏదో ఒక ఊళ్లో పౌర హక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, ఎస్సై వచ్చి మాట్లాడతారు, అందరికీ కాగితం గ్లాసుల్లో చాయ్ పోస్తారు. మంచిదే, జరగనీ. కాని హోటల్ వాడు వాడలో పెళ్లికి వెళ్లి పంక్తిలో కూచుని తిన్ననాడు ఆ పద్ధతి పోయిందని నేను నమ్ముతాను.

చట్టాన్ని తక్కువ చెయ్యకు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణను ఒకసారి తీసి చదువు. సైకిలు, మోటారు సైకిలు ఎక్కనీయకపోవడం, చెప్పులు తొడగనీయకపోవడం, కొత్తబట్టలు కట్టనీయకపోవడం, పెళ్లికొడుకును గుర్రం ఎక్కనీయకపోవడం, ఇవన్నీ నేరాలుగా వరసగా రాశారు. చెప్పుల మాట శాసనంలో రాయాల్సి వచ్చిన దేశం మనది. ఆ పదాలు ఊరికే రాలేదు, ఒక్కొక్క మాట వెనక ఎవడో దెబ్బలు తిన్నాడు. అయితే మన కొట్టం గోడ సందులోకి తొంగిచూడటానికి ఏ ఠాణావాడూ రాడు. అక్కడ నువ్వూ నేనే.

వెల అన్నాను గదా. కారంచేడులో 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ మొదలైంది. తాగే నీళ్లు పాడుచెయ్యవద్దని దళితులు అడ్డుచెప్పారు. తన మీద చెయ్యి చేసుకోబోతే ఒక ఆడబిడ్డ చేతిలో ఉన్న బిందెను ఎత్తింది. ఆ మర్నాడు, జులై 17న, ఆరుగురు మనుషులు హతమయ్యారు. బిందె ఎత్తినందుకు ఆరు ప్రాణాలు! నాకప్పుడు ముప్పై ఏడేళ్లు. పత్రికలో చదివి కన్నీళ్లు పెట్టుకున్నాను, చదివిన పేపరు మడిచి చాయ్ తాగాను. కొట్టం గోడలో గ్లాసు అప్పటికే ఉంది. ఎక్కడో కోస్తాలో జరిగిన క్రూరత్వం మీద ఏడవడం సులువు. మన తెలంగాణలో అంత లేదని చెప్పుకోవడం ఇంకా సులువు. అంత లేదంటావా? నీళ్లు తాకనీయని ఈ ఊళ్లే, అటు పాలమూరులోనూ ఇటు మన తాలూకాల్లోనూ, వాడలోని ఆడపిల్లలను దేవత పేరు చెప్పి జోగినులుగా విడిచాయి. నీళ్లకు అంటు ఉంది గాని ఆ పిల్లలకు లేకపోయింది. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. ఈ మాట మనవరాలికి రాస్తున్నందుకు సిగ్గుపడుతున్నాను. జరిగినప్పుడు ఊరు సిగ్గుపడలేదు.

హైదరాబాదులో 1888లో మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయినాయన ఈ జోగినుల ఆచారం మీదే పోరాడాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. పిల్లలకు బడులు నడిపాడు. 1917లో బెజవాడలో పంచములనే పేరుతో సభ పెడితే, అధ్యక్షస్థానంలో ఉండి ఆ పేరునే ఒప్పుకోలేదు, ఐదోవాళ్లం కాము, ఈ నేలకు ఆదివాళ్లమన్నాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం వాళ్లను ఆది హిందువులని రాసుకుంది. ఒక మనిషి తన జాతికి పెట్టిన పేరును ప్రభుత్వం చేత రాయించడానికి పద్నాలుగేళ్లు పట్టింది. నువ్వొక పూటలో గ్లాసు మార్చి, అది నిలవలేదని అలిగావు.

పేరంటే గుర్తొచ్చింది. ఊళ్లో రక్తసంబంధం లేనివాళ్లను కూడా మనం వరసపెట్టి పిలుస్తాం. చిన్నాయన, పెద్దమ్మ, మామ, బావ. వాడ దగ్గరికి వచ్చేసరికి ఆ వరసలు తెగిపోతాయి. ఏడేళ్ల నీ తమ్ముడు అరవై ఏళ్ల ఆయన్ని పేరుపెట్టి, చివర 'గా' తగిలించి కేకేస్తాడు. ఆయన "వస్తున్న చిన్నపటేలా" అంటాడు. గ్లాసు నీకు కనిపించింది, మంచిది. ఈ పిలుపు నీకు వినిపించిందా? పుట్టినప్పటినుంచి వింటున్నది చెవికి ఆనదు. నువ్వు కూడా చిన్నప్పుడు అలాగే పిలిచావు, నేను పక్కనే ఉన్నాను. గ్లాసు మార్చితే ఇంట్లో గొడవైంది గాని, పిలుపు మార్చితే ఎవరూ గ్లాసులు విసరరు. మార్చు. ఏ వరసతో పిలవాలో నువ్వే నిర్ణయించేసుకోకు, ఆయన్ని అడుగు.

మీ నాయనమ్మను గెలవాలని చూడకు. ఆమె రాక్షసి కాదు. కొత్త కోడలుగా ఈ ఇంటికి వచ్చినప్పుడు నెలకు మూడు రోజులు ఆమె కూడా ఆ కొట్టం పక్కనే చాప వేసుకుని కూచునేది. మా అమ్మ దూరంనుంచే అన్నం పెట్టేది. ఆమెకూ వేరే చెంబు, వేరే గ్లాసు. నాలుగోనాడు తలస్నానం చేస్తే ఆమె లోపలికి వచ్చేది, ఆ మనిషికి మాత్రం ఏ నాలుగోనాడూ రాలేదు. రెండిటికీ మన భాషలో మాట ఒకటే, అంటు. నువ్వు చట్టం, రాజ్యాంగం అని అరిస్తే ఆమె చెవులు మూసుకుంది. ఏదో ఒక సాయంత్రం పక్కన కూచుని ఆ మూడు రోజుల సంగతి అడుగు. ఏం చెప్తుందో నాకూ తెలియదు. యాభై ఏళ్ల కాపురంలో నేనెన్నడూ అడగలేదు.

సమానత్వమంటే పరాయిదేశపు సరుకని మీ నాన్న అంటాడు, కాలేజీల్లో నేర్పిన పాడుబుద్ధులంటాడు. తాండూరులో భావిగి భద్రేశ్వరుడి జాతరకు తప్పకుండా పోయే మనిషి అతను. ఆ పరంపరకు మూలపురుషుడు బసవన్న నడిచిన కల్యాణం మనకు వాయవ్యాన, బీదరు జిల్లాలో ఉంది. పన్నెండో శతాబ్దంలో అక్కడ బ్రాహ్మణ కులంలో పుట్టిన మధువరసు తన కూతుర్ని, చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కిచ్చి పెళ్లి చేశాడు. బిజ్జలరాజు ఇద్దరు తండ్రులనూ చంపించాడు. వెల ఇద్దరూ సమంగా కట్టారు బిడ్డా, అందుకే ఆ కథ ఎనిమిది వందల ఏళ్లు నిలిచింది. మాదార చెన్నయ్య ఇంట శివుడు అంబలి తాగిన కథ పాల్కురికి సోమన తెలుగులో చెప్పాడు. దేవుడు తాగిన చేతి అంబలి మనకు మైల అయింది! మన కులమేదో ఇక్కడ రాయను. ఏ కులమైనా ఈ మాట తగులుతుంది.

కడలి అవతల కూడా ఈ పోరాటం ఒక కప్పు కాఫీ దగ్గరే జరిగింది. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరో పట్నంలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్ల విద్యార్థులు ఒక పెద్ద కొట్లో సామాన్లు కొన్నారు. పైసలు తీసుకున్న అదే కొట్టు, పక్కనున్న బల్ల దగ్గర కూచుని కాఫీ అడిగితే పొయ్యలేదు. వాళ్లు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. నాలుగోనాడు ఆ ఊరి మహిళా కళాశాలలో చదివే ముగ్గురు తెల్ల అమ్మాయిలు వచ్చి వాళ్లతో కూచున్నారు. నీ ఈడువాళ్లే. నడిపించడానికి రాలేదు, ముందు వరసలో నిలబడలేదు. మొదలుపెట్టినవాళ్ల పక్కన, వాళ్లు పడే తిట్లలో వాటా పంచుకోవడానికి వచ్చారు. జులై 25న ఆ కొట్టు దిగివచ్చింది. ఆ బల్ల దగ్గర మొదట వడ్డన అందుకున్నది ఎవరో తెలుసా? ఆ కొట్లోనే పనిచేసే నల్లవాళ్లు. అన్నాళ్లూ లోపల చాకిరీ చేసినవాళ్లు ఆనాడు బల్లకు ఇవతల కూచున్నారు.

ఇక్కడ నాకు మన బండలు గుర్తొస్తాయి. తాండూరు బండంటే రాష్ట్రమంతా పేరు. మన వాకిలి, మన అరుగు, గుడి మంటపం అన్నీ ఆ పలకలే. పాలిషింగ్ మిషన్ల దగ్గర చీలమండలదాకా తెల్లటి బురదనీళ్లలో నిలబడి ఆ బండను అద్దంలా నున్నగా చేసేవాళ్లలో, మన పొలం పని చేసే ఆయన పెద్ద కొడుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కనురెప్పలు కూడా తెల్లగా ఉంటాయి. మన గుడి మంటపంలో పోయినేడు పరిచిన బండలు అతని చేతి మీదుగానే వచ్చాయి. ప్రాణప్రతిష్ఠనాడు అతను రావిచెట్టు కింద నిలబడి చూశాడు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు. 2023 డిసెంబరు నుంచి మన శాసనసభలో స్పీకరు కుర్చీలో కూచున్న గడ్డం ప్రసాద్ కుమార్ వికారాబాదు సభ్యుడు, దళితుడు. ముఖ్యమంత్రయినా లేచి "అధ్యక్షా" అనాల్సిందే. టీవీలో చూసి నేనూ పొంగిపోయాను. ఆ మాటే రావిచెట్టు దాకా రావడానికి ఇంకెంత దూరమో కొలిచి చెప్పలేను.

ఇక నువ్వు చెయ్యరానివి. వాడకు పోయి ఒక్కపూట తిని ఫోటో దిగవద్దు. ఆయన గ్లాసు విషయం నీ స్నేహితులకు కథగా చెప్పవద్దు, అది నీ కథ కాదు. నీ మంచితనానికి ఆయన కృతజ్ఞత చూపలేదని ఎన్నడైనా అనిపిస్తే, ఆనాడు నీలో మా అమ్మ ఉందనుకో. దయ చూపేవాడు అరుగు మీదినుంచి దిగడు, ధార పోస్తాడు. నువ్వు దిగు. ఏ పని చేసినా దాని దెబ్బ ముందుగా నీ వీపు మీద పడేలా చూసుకో. ఇంట్లో తిట్లు, చుట్టాల్లో మాట, సంబంధాల దగ్గర వంక, ఇవన్నీ వస్తాయి. రానీ. ఆయన కూలి మీద, ఆయన కొడుకు పని మీద పడే చోట మాత్రం ఆయన్ని అడగకుండా చిటికెన వేలు కదపకు.

మొన్న ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లాను. పుట్టి పెరిగిన ఊళ్లో ఆ గడప ఎక్కడం అదే మొదటిసారి. పోయిన రోజుల కూలి చేతిలో పెట్టబోతే, "చెయ్యని పనికి పైసలేంది పటేలా" అని వెనక్కి నెట్టాడు. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. కుర్చీ వేశారు. దాహంగా ఉంది, మంచినీళ్లు ఇమ్మన్నాను. ఆయన భార్య లోపలికి వెళ్లి, మనవడి చెవిలో ఏదో చెప్పి ఇరవై రూపాయలిచ్చింది. పిల్లవాడు పరుగెత్తి కొట్లోనుంచి సీలు తియ్యని నీళ్ల సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. అయిదడుగుల దూరంలో, కిటికీ కింద, మట్టికుండ ఉంది. దాని మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. నా కళ్లు దాని మీదే ఉన్నాయని ఆమె చూసింది. ఆ కుండలో నీళ్లివ్వమ్మా అనడానికి నోరు రాలేదు. నేను మొగమాటపడ్డానని చెప్పుకోవచ్చు, కాని మొగమాటం కాదది. సీసా మూత తిప్పి తాగాను. ఇరవై రూపాయలు కూడా వాళ్లవే పోయాయి.

రేపు మళ్లీ వెళ్తున్నాను. సీసా తేవద్దని ముందే చెప్తాను. మీ నాన్నతో కూడా మాట్లాడాను. కొట్టంలో ఇక చాయ్ పోసేది లేదు, అరుగు మీద అందరితో కూచునే పోస్తామన్నాను. అతను లేచి వెళ్లిపోయాడు. గ్లాసు మీ నాయనమ్మ పారేయలేదు, స్టాండులోనూ పెట్టలేదు. వంటింటి కిటికీలో పెట్టింది, ఎందుకో అడగలేదు.

సంక్రాంతి సెలవులకు రా. అప్పటికి కందికోత మొదలవుతుంది. ఆయన్ని పనికి పిలుస్తాను. రానంటే బతిమాలను, వాడలో ఆయన పరువు తీసేలా ఇంకొకరితో కబురూ పంపను. ఈ మధ్య ఆయనే కొడుకు వెంట పాలిషింగ్ మిషన్ దగ్గరికి పోతున్నాడని విన్నాను. రోజుకు మనకంటే వంద రూపాయలు ఎక్కువిస్తారట.